మైపాడు ఉప్పు, కొత్తపట్నం మంచినీళ్లు

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. అందుకేనేమో, కనుమ సాయంత్రం చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో మాకు అయిదు బెర్తులు ఒకేచోట దొరికాయి. మా ఆయన సంబరంగా బుక్ చేసేశాక నాన్నకు ఫోన్ చేసి చెప్పాను. అటువైపు కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "సర్లేమ్మా, సాయంత్రం రైలే కదా, అప్పటికి కాకులు గూటికి చేరుకుని ఉంటాయి" అన్నాడు.

హైదరాబాద్‌లో మేం నలుగురం ఎక్కాం. ఆరేళ్ల పెద్దోడు, రెండున్నరేళ్ల బుడ్డది, మేమిద్దరం. కాజీపేటలో మా అత్తమ్మ, మామయ్య ఎక్కారు. వాళ్లది కరీంనగర్. అత్తమ్మ చేతిలో స్టీలు డబ్బా నిండా సకినాలు, మామయ్య తలకు మంకీ టోపీ. "సముద్రం కాడ చలి ఉంటదట గద" అన్నారు. నెల్లూరులో జనవరి మధ్యాహ్నం ఎలా ఉంటుందో నేనప్పుడు చెప్పలేదు. అరవై రెండేళ్ల మా అత్తమ్మ ఇంతవరకూ సముద్రం చూడలేదు. అసలు ఈ ప్రయాణం పెట్టుకున్నదే అందుకు. పిల్లల కోసం అని బయటికి చెప్పుకున్నాం.

మొదటి రోజు: నెల్లూరు

తెల్లవారకముందే దిగాం. అన్న స్టేషన్‌కి వచ్చాడు. ఇంటికి వెళ్లి స్నానాలు, ఎర్రకారం పూసిన దోసెలు, ఆ పైన నిద్ర. ఆ రోజు చెప్పుకోవాల్సింది ఒక్కటే, అమ్మ చేపల పులుసు.

మర్నాడు మైపాడుకి పట్టుకెళ్లాల్సిన పులుసు అది. నెల్లూరు పులుసు చేసిన రోజు తినేది కాదు, ఒక రాత్రి నిలవాలి. కొరమీను ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి, వెడల్పాటి దాకలో చింతపండు రసం కాగుతుండగా ఒక్కొక్కటే వదిలింది. ముక్కలు పడ్డాక గరిటె పెట్టదు. రెండు చేతులా గుడ్డతో దాక అంచులు పట్టుకుని గుండ్రంగా ఓసారి తిప్పుతుంది, అంతే. ఆఖర్న మామిడికాయ ముక్కలు. జనవరిలో మామిడికాయ ఎక్కడిదీ అంటే, మార్కెట్లో ఒకామె దగ్గర నాలుగే ఉన్నాయట, నాన్న బేరం ఆడకుండా తెచ్చాడట. నలభై ఏళ్ల కాపురంలో ఇదే మొదటిసారని అమ్మ వాపోయింది.

"మా దిక్కు చేపల్ల మామిడికాయ వెయ్యం వదినా" అంది అత్తమ్మ, పక్కనే పీట మీద కూచుని. "మా మానేరు రవ్వ చేపకు గింత పులుపు పట్టదు."

"రేపు తిని చెప్పండి వదినా" అంది అమ్మ. ఇద్దరి మధ్యా ఆరేళ్లుగా నడుస్తున్న సౌమ్యమైన యుద్ధం ఇది. వంటల్లో తప్ప ఇంకెక్కడా బయటపడదు.

రెండో రోజు: మైపాడు

పన్నెండు మందిమి. అన్నా వదినా, వాళ్ల తొమ్మిదేళ్ల అమ్ములు, నాలుగేళ్ల నాని, అమ్మానాన్నలు, మేం ఆరుగురం. టెంపో ట్రావెలర్ మాట్లాడాడు అన్న. ఆరింటికి బయల్దేరాలనుకుని ఏడూ పావుకి బయల్దేరాం. చిన్న పిల్లలున్న ఇంట్లో ఇది ఆలస్యం కింద లెక్క కాదు.

నెల్లూరు నుంచి మైపాడు పాతిక కిలోమీటర్లు. ఇందుకూరుపేట దాకా రెండు పక్కలా వరి. పెన్నా డెల్టా కదా, ఈ నెలలో ఎటు చూసినా పచ్చగానే ఉంటుంది. ఆ పచ్చదనం ఒక్కచోట తెగిపోతుంది. అక్కణ్ణుంచి రొయ్యల చెరువులు. చదరంగా కట్టిన గట్లు, మధ్యలో నీళ్లు చిలుకుతున్న ఏరేటర్లు. "మిక్సీలు" అన్నాడు నాని. ఆ తర్వాత వంతెన, దాని కింద కదలకుండా నిలబడ్డ కాలువ.

"ఇది మంచినీళ్లా, ఉప్పునీళ్లా?" పెద్దోడు అడిగాడు. వాడికి ఆ రోజు పొద్దుటి నుంచీ ఇదే పిచ్చి. చెరువు చూసినా, కుంట చూసినా అదే ప్రశ్న.

నాన్న సోషల్ టీచరుగా రిటైరయ్యాడు. అడిగినవాడి వయసుతో ఆయనకు పనిలేదు. అది బకింగ్‌హాం కాలువనీ, ఈ చుట్టుపక్కల అందరూ ఉప్పు కాలువే అంటారనీ, ఇదే కాలువ మీద మద్రాసుకి పడవలు వెళ్లేవనీ మొదలుపెట్టాడు. ముక్కలు ముక్కలుగా ఉన్న కాలువల్ని 1876–78 నాటి కరువులో పస్తులున్న జనానికి పని చూపించడానికి తవ్వించి కలిపారట. అప్పటి మద్రాసు గవర్నరు పేరే దానికి పెట్టారు. "తవ్వినోళ్ల పేరు పెట్టలేదేం?" అంది అమ్ములు. నాన్న ఒక్క క్షణం ఆగి, "పరీక్షలో ఆ ప్రశ్న రాదులేమ్మా" అన్నాడు.

సరుగుడు తోటలు దాటగానే బండి ఆగింది. ముందు చప్పుడు వినిపించింది, తర్వాత కనిపించింది. అత్తమ్మ చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని ఇసుకలో నడిచి, నీటికి ఇరవై అడుగుల దూరంలో నిలబడిపోయింది. మేమంతా ఆవిడ మొహమే చూస్తున్నాం. మా ఆయనైతే ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు.

"మన మానేరు డ్యాం లెక్కనే ఉన్నది" అంది చివరికి. "గని అవుతలి ఒడ్డే కనవడ్తలేదు."

మా ఆయన వీడియో ఆపేశాడు.

బుడ్డది మాత్రం నా మెడ పట్టుకుని వేలాడుతోంది. దించితే ఏడుపు. అల ఒడ్డుకు వచ్చి వెనక్కి పోవడం కాసేపు పరీక్షగా చూసి, "దీన్ని ఎవరు ఊపుతున్నారు?" అంది. ఎవరూ ఊపటం లేదే, అదే ఊగుతోంది అన్నాను. అది నమ్మలేదు. "ఆపమను" అంది. ఆపడానికి లేదంటే ఇంకా గట్టిగా ఏడ్చింది. అలా నానమ్మ, మనవరాలు ఇద్దరూ ఆ ఇరవై అడుగుల దూరంలోనే దుప్పటి పరుచుకుని కూచున్నారు. ఒక ప్లాస్టిక్ బకెట్టు, ఒక గరిటె ఇచ్చాం. రెండు గంటలు వాళ్ల జోలికి పోవాల్సిన అవసరం రాలేదు.

మిగతా పిల్లల విషయంలో నాన్నదొకటే రూలు, మోకాళ్లు దాటకూడదు. మైపాడు ఒడ్డు చూడ్డానికి చదునుగా ఉంటుంది గానీ కింద నేల గబుక్కున లోతవుతుంది. వెనక్కి పోయే నీళ్లు కాళ్ల కింద ఇసుకను కూడా లాక్కుపోతాయి. దానికి తోడు, అలలన్నీ తెల్లగా విరుగుతుంటే మధ్యలో ఒకచోట మాత్రం నీళ్లు నున్నగా, కాస్త ముదురు రంగులో కనిపిస్తాయి. కొత్తవాళ్లు అక్కడే ప్రశాంతంగా ఉందని దిగుతారు. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయే దారి అదే. అందులో చిక్కితే ఒడ్డుకు ఎదురీదకూడదు, ఒడ్డు పొడవునా పక్కకు ఈది బయటపడాలి. ఈత వచ్చినవాళ్ల సంగతి ఇది. రానివాళ్లు దిగకపోవడమే.

నాన్న ఒక సరుగుడు కర్రతో ఇసుక మీద గీత గీశాడు. "ఈ గీత దాటబాకండి పిలకాయలూ!"

పక్కనుంచి మామయ్య అందుకున్నారు, "బావగారు చెప్పింది ఇన్నరు గద పోరగాండ్లు, గీత దాటకుండ్రి!"

పెద్దోడు ఇద్దరినీ చూసి, "దాటబాకుండ్రి" అన్నాడు. ఆ మాట ట్రిప్పంతా మా ఇంట్లో అధికార భాష అయిపోయింది.

పావుగంటకు అలొచ్చి గీతను తుడిచేసింది. నాన్న రెండడుగులు వెనక్కొచ్చి ఇంకోటి గీశాడు. అదీ పోయింది. పోటు మీదుంది సముద్రం. గీత వెనక్కి జరిగినకొద్దీ మేమూ జరుగుతున్నాం, చాపలు, సంచులు, పులుసు క్యారేజీతో సహా. మా ఆయన చెప్పులు మాత్రం మొదటి గీత దగ్గరే ఉండిపోయాయని ఎవరికీ గుర్తురాలేదు. ఒకటి ఎడమ పక్క చాలా దూరంలో దొరికింది. రెండోది బంగాళాఖాతానికి. కరీంనగర్ అల్లుడి దగ్గర నెల్లూరు సముద్రం కట్నం కింద చెప్పు పుచ్చుకుందని అన్న ఏడిపించాడు.

పెద్దోడు, అమ్ములు కలిసి గుంట తవ్వారు. మోచేయి లోతు పోగానే నీళ్లు ఊరాయి. పెద్దోడు వేలు ముంచి నాకి, "ఉప్పే" అన్నాడు. ఇంకో నాలుగు గజాలు వెనక్కి పోయి మళ్లీ తవ్వాడు. అదీ ఉప్పే. ఎర్రటి చిన్న పీతలు వీళ్ల అలికిడికి బొరియల్లోకి దూరుతున్నాయి. నాని ఒక్కో బొరియ దగ్గరా బోర్లా పడుకుని "బయటికి రా, కొట్టన్లే" అని బతిమాలుతున్నాడు.

పదకొండు గంటలకే ఎండ మాడు మీద కొట్టింది. మంకీ టోపీ అప్పటికే బండి సీటు కిందికి చేరింది. సరుగుడు చెట్ల కింద కూచుని అన్నం, పులుసు తిన్నాం. అత్తమ్మ రెండోసారి వడ్డించుకుంది. ఏమీ అనలేదు. అమ్మ కూడా ఏమీ అడగలేదు.

పసిపిల్లలతో వెళ్లేవాళ్లకు ఒక మాట. ఇరవై లీటర్ల మంచినీళ్ల టిన్నులు మూడు బండిలో వేసుకెళ్లాం, మూడూ అయిపోయాయి. బుడ్డదానికి డైపరు వేసి తీసుకెళ్లడం నా తెలివితక్కువ. తడి ఇసుకలో కూచున్న పది నిమిషాల్లో అది ఉప్పునీళ్లు పీల్చి గుమ్మడికాయంత అయింది. విప్పితే అంచుల పొడవునా ఇసుక, తొడల దగ్గర ఎర్రగా దద్దు. మంచినీళ్లతో కడిగి కొబ్బరినూనె రాసి, పాత కాటన్ లంగోటీ కట్టాం. పాత లంగోటీలు అమ్మ తెచ్చింది. "నాకు తెలుసు" అని కూడా అంది.

బయల్దేరే ముందు అత్తమ్మ రెండు లీటరు సీసాలు ఖాళీ చేసి పెద్దోడి చేతికిచ్చింది. "సముద్రం నీళ్లు నింపుకరా బిడ్డా, ఇంటికి కొంచవోయి గడపకు చల్లుకుందాం." నాన్నే వెళ్లి, మోకాలి లోతులో నిలబడి నింపాడు.

మూడో రోజు

అందరికీ మొహాలు కాలిపోయాయి. పిల్లలు తొమ్మిదింటి దాకా లేవలేదు. సాయంత్రం రంగనాయకుల గుడికి వెళ్లాం. అద్దాల మండపంలో నాని తన ప్రతిబింబాలు లెక్కపెడుతూ పదమూడు దగ్గర ఆగిపోయాడు, ఆ పైన వాడికి అంకెలు రావు. గుడి వెనక పెన్నా. పెద్దోడు అడిగేలోపే నేనే చెప్పాను, మంచినీళ్లు అని.

నాలుగో రోజు: ఒంగోలు దారి, పాకల

ఒంగోల్లో మా మేనత్త ఉంటుంది. నెల్లూరు నుంచి నూట ఇరవై కిలోమీటర్లు, హైవే మీద రెండు గంటల పని. మాకు ఆరు గంటలు పట్టింది. కావలి దగ్గర బుడ్డదానికి వాంతులు, ఆ తర్వాత నానికి బాత్రూం, మామయ్యకు టీ. విచిత్రమేమంటే ఈ హైవే సముద్రానికి అంత దగ్గరగా పోతూ కూడా ఎక్కడా సముద్రం చూపించదు. "ఎక్కడ, ఎక్కడ?" అని అమ్ములు కిటికీకి అతుక్కుపోయి చివరికి విసిగి పడుకుంది.

సింగరాయకొండలో కొండ మీద నరసింహస్వామిని చూసి, పాకల వైపు తిరిగాం. ఆ పక్కన ఉప్పు మడులున్నాయి. మేం చూసినప్పుడు ఇంకా ఉప్పు తేల్లేదు. వానలు వెళ్లాక మడుల్లో నేలను కాళ్లతో తొక్కి గట్టిచేస్తున్నారు. నాన్న బండి ఆపించి, అక్కడ పనిచేస్తున్న ఒక పెద్దాయనతో మాట కలిపాడు. పెద్దోడికి మొత్తం ఆయనే చెప్పాడు. ముందు పెద్ద మడిలోకి నీళ్లు పెడతారు. ఎండకు చిక్కబడ్డాక పక్క మడిలోకి, ఆ తర్వాత చిన్న మడిలోకి. ఉప్పు గళ్లు కట్టాక చెక్కతో గీకి ఒడ్డున కుప్ప పోస్తారు.

"మిగిలిన నీళ్లు?" అన్నాడు పెద్దోడు.

"వదిలేస్తామయ్యా. అవి చేదు. ఆ నీళ్లు ఉంచితే ఉప్పు కూడా చేదెక్కుద్ది, చెమ్మగిల్లుద్ది."

వీడు దాన్ని అంత శ్రద్ధగా వింటున్నాడని నాకప్పుడు తెలీదు. నాన్న ఉప్పు సత్యాగ్రహంలోకి వెళ్లిపోయాడు. 1930లో టంగుటూరి ప్రకాశం పంతులు ఒంగోలు దగ్గర దేవరంపాడులో శిబిరం పెట్టి ఇక్కడి జనంతో ఉప్పు వండించిన కథ. 1970లో ఒంగోలు జిల్లాగా పుట్టి, 1972లో ఆయన పేరు పెట్టుకున్న జిల్లా ఇదని కూడా చెప్పాడు. వినేవాళ్లు నేనూ, మామయ్యే. మామయ్య ఆర్టీసీలో కండక్టరు చేసినవారు, ఎవరు ఎంతసేపు మాట్లాడినా వినగలరు.

పాకల ఒడ్డు మైపాడు కంటే నెమ్మది. జనం లేరు. అక్కడ అమ్ములు ముందు పరుగెత్తి, అంతే వేగంగా ఆగిపోయింది. చచ్చిన తాబేలు. పెద్ద పళ్లెమంత డిప్ప, ఆకుపచ్చో బూడిదో చెప్పలేని రంగు, ముందు కాళ్లు తెడ్లలా రెండు పక్కలా చాపి ఉంది. కళ్ల దగ్గర ఈగలు. ఆలివ్ రిడ్లీ అంటారు. జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒడ్డెక్కి గుంట తవ్వి ఒక్కోటీ వంద దాకా పెడుతుంది. రావడంలో వలల్లో చిక్కుకుంటే ఇంతే.

"వల్లో పడితే ఎందుకు చచ్చిపోయింది?" అంది అమ్ములు.

"తాబేలు గాలి పీల్చుకోవడానికి పైకి రావాలమ్మా. రానివ్వకపోతే మునిగిపోతుంది" అన్నాడు అన్న.

"నీళ్లలో ఉండే తాబేలు నీళ్లలో మునిగిపోతుందా?"

అన్న అవునన్నాడు. అది చాలాసేపు ఆ జవాబును నమ్మడానికి ప్రయత్నించింది. ఆ రోజు ఇంకేమీ ఆడలేదు.

సాయంత్రానికి మేం ముందే డబ్బు కట్టిన రిసార్టుకు చేరాం. పేరెందుకు గానీ, ఫోటోల్లో నీలంగా మెరిసిన ఈతకొలను కోసమే దాన్ని ఎంచుకున్నాం. సముద్రంలో దిగనివ్వం కాబట్టి పిల్లలకు కనీసం అదైనా అని. వెళ్లి చూస్తే కొలను ఉంది, నీళ్లు లేవు. అడుగున సరుగుడు ఆకులు, ఒక కుక్క, దాని నాలుగు పిల్లలు. మోటారు కాలిపోయిందట, రేపొస్తుందట. ఎప్పట్నుంచి అని మా ఆయన అడిగితే "దసరా నుంచి సార్" అన్నాడు ఆ కుర్రాడు, నిజాయితీగా. గంట వాదించాక సగం డబ్బు వెనక్కిచ్చారు. పిల్లలు ఆ గంటా కుక్కపిల్లలతో ఆడి, ఇక్కడే ఉందామని గోల పెట్టారు. రాత్రి ఒంగోలు అత్త ఇంట్లో హాలంతా పరుపులు పరిచి పడుకున్నాం. ముందే అక్కడికి వెళ్లాల్సింది.

అయిదో రోజు: కొత్తపట్నం

ఈ రోజు కోసమే ఇదంతా రాస్తున్నాను.

ఒంగోలు మామకు కొత్తపట్నం దగ్గర ముప్పాతిక ఎకరం ఇసుక నేల ఉంది. తెల్లవారుజామునే లేపి అందరినీ తీసుకెళ్లాడు, పదిహేడు కిలోమీటర్లు. మేం వెళ్లేసరికి ఒడ్డున అలివి వల లాగుతున్నారు. పడవలో వెళ్లి వలను సముద్రంలో అర్ధచంద్రాకారంగా విడుస్తారు. రెండు కొసల తాళ్లూ ఒడ్డునే ఉంటాయి, రెండు జట్లు ఆ తాళ్లు పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ లాగుతాయి. ఒక్కో మనిషీ నడుముకు గుడ్డ కట్టుకుని తాడు దానికి మెలిపెట్టి, వెనక్కి వాలి అడుగేస్తాడు. వెనకకొస చేరినవాడు తాడు వదిలి మళ్లీ నీటి దగ్గరికొచ్చి పట్టుకుంటాడు. మా పిల్లలు ముగ్గురూ తాడు పట్టుకున్నారు. ఎవరూ వద్దనలేదు. "గెట్టిగా లాగు అబ్బయ్యా, నీ వాటా నీకిస్తాం" అన్నాడొకాయన పెద్దోడితో.

ముప్పావు గంట లాగారు. చివరికి వల సంచి ఒడ్డుకొచ్చింది. నెత్తళ్లు, కత్తుల్లా మెరిసే నాలుగైదు సావళ్లు, చిన్న పీతలు, గుప్పెడు రొయ్యలు, పాలిథిన్ కవర్లు, ఒక చెప్పు. మా ఆయన ఆ చెప్పు తీసి తిప్పి చూశాడు. ఆయనది కాదు.

అక్కడే వేలం. తట్టలతో వచ్చిన ఆడవాళ్లు పాట పాడుతున్నారు. మామయ్యకు అది రెండు నిమిషాల్లో అర్థమైంది, బస్టాండులో సీటు బేరంలా ఉందన్నారు. చాలా తక్కువ పడిందట ఇవాళ. నెలకు ఎన్ని రోజులు ఇలా పడుతుందని నేనడిగితే వాళ్లలో ఒకామె నవ్వి, "పడ్డ రోజు లెక్కపెట్టుకుంటే సులువమ్మా" అంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మోటారు పడవలకు వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఆ రెండు నెలలు ఇంకా కష్టమంది. పెద్దోడికి వాటా కింద ఒక పీత ఇచ్చారు. దాన్ని పట్టుకోవడం ఎవరికీ చేతకాక మళ్లీ నీళ్లలో వదిలాం.

తర్వాత మామ తన పొలానికి తీసుకెళ్లాడు. ఒడ్డు నుంచి ఇసుక దిబ్బలు దాటి కాస్త లోపలికి. సముద్రం చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది. పొలంలో తోటకూర, గోంగూర మడులు, పక్కన వేరుశనగ. మధ్యలో ఇసుకను వెడల్పుగా, వాలుగా తవ్విన గుంట. ఒక పక్క మెట్లలా తొక్కిన దారి, అడుగున తేట నీళ్లు. దొరువు అంటారు. నిలువెత్తు లోతు కూడా లేదు.

పెద్దోడు నా చెయ్యి వదిలి దిగాడు. వేలు ముంచి నాకాడు. మళ్లీ ముంచి నాకాడు. పైకి తలెత్తి, "అమ్మా, ఉప్పు లేదు" అన్నాడు. ఆ గొంతులో మమ్మల్ని ఎవరో మోసం చేస్తున్నారన్న అనుమానం ఉంది.

"సముద్రం గాడనే గద, తియ్యగెట్లున్నయి?" అంటూ అత్తమ్మ కూడా దిగింది. మూడు రోజులుగా నీటికి ఇరవై అడుగుల దూరంలో ఉన్న మనిషి, చీర మడమల పైకి పట్టుకుని ఆ ఇసుక మెట్లు దిగి దోసిలితో తాగింది. బుడ్డది కూడా నానమ్మ వెనకే దిగి పాదాలు ముంచింది. ఈ నీళ్లు ఊగటం లేదు.

మామ చెప్పిన సంగతి ఇది. వానకు కురిసిన నీళ్లు ఇసుకలో ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తాయి. మంచినీళ్లు తేలిక, ఉప్పునీళ్లు బరువు. నూనె నీటి మీద తేలినట్టు కాదు గానీ, ఇసుకలో అవి అంత తొందరగా కలవవు. పైపైన తవ్వి, పైపైన తోడుకున్నంతకాలం మంచినీళ్లే. వెనకటి వాళ్లు కుండలతో ముంచి మొక్కలకు పోసేవాళ్లు, ఎంత కావాలో అంతే. మోటారు పెట్టి లోతు నుంచి ఎడాపెడా లాగితే కింది ఉప్పు పైకొస్తుంది. ఒకసారి వచ్చిందా, వానలు మళ్లీ కడిగే దాకా ఆగాల్సిందే. పక్క చేలో ఒక దొరువు అలాగే పోయిందని చెయ్యి చూపించాడు. అక్కడ గడ్డి కూడా సరిగ్గా లేదు. ఆయన దొరువు దగ్గర చిన్న మోటారే ఉంది, రోజుకు అరగంటే వేస్తాడట. "ఆశపడితే ఉప్పు తాగాల" అన్నాడు.

పెద్దోడు మైపాడులో తాను తవ్విన గుంటల సంగతి చెప్పి, అక్కడెందుకు రాలేదని నిలదీశాడు. "అల తగిలేచోట తవ్వితే అల నీళ్లే వస్తాయి నాయనా. దిబ్బ ఇవతలికి రావాల." వాడికి చిన్న పార ఇచ్చాడు. పొలం మూలన ఒక గంటసేపు తవ్వారు నలుగురు పిల్లలూ. బుడ్డది గరిటెతో. నడుం లోతు పోయాక ఇసుక తడిసింది, ఆ తర్వాత సన్నగా ఊరింది. బురద నీళ్లే. తేరుకునే దాకా నలుగురూ గుంట చుట్టూ కూచున్నారు, గట్టిగా మాట్లాడితే నీళ్లు పారిపోతాయన్నట్టు. అందరూ ఒక్కో చుక్క నాకారు. కడుపులో ఏమవుతుందోనని నాకు టెన్షన్. వదిన నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. ఎవరికీ ఏమీ కాలేదు.

మధ్యాహ్నం ఆ చెట్ల కిందే నెత్తళ్ల వేపుడు, గోంగూర పచ్చడి, అన్నం. అత్తమ్మ మిగిలిన సకినాలు ఒంగోలు మామ చేతిలో పెట్టింది. ఆయన ఒకటి కొరికి, పంటికి తగిలిన చప్పుడుకు ఆగి, తర్వాత డబ్బా తన పక్కకు జరుపుకున్నాడు.

ఆరో రోజు, ఆ తర్వాత

ఒంగోల్లో అల్లూరయ్య మైసూర్‌పాక్ రెండు కిలోలు కొని రాత్రి రైలెక్కాం. కాజీపేటలో దిగేటప్పుడు అత్తమ్మ తన సీసాల్లో నీళ్లు సగం వంచుకుని మిగతావి పెద్దోడికి వదిలేసింది. వాడు అడిగాడని.

ఆదివారం వాడి పోరు పడలేక ఒక అర లీటరు పొయ్యి మీద పెట్టాను. సముద్రపు నీళ్లలో లీటరుకు 30–35 గ్రాముల ఉప్పుంటుంది, కాబట్టి ఓ మూడు చెంచాలు రావాలి. ముందు గిన్నె అంచున సున్నంలా తెల్లటి పొర కట్టింది. తర్వాత గళ్లు. పూర్తిగా ఇగిరే దాకా ఉంచేశాను. పెద్దోడు నాకి మొహం వికారంగా పెట్టాడు. "చేదు."

కాసేపటికి వాడే అన్నాడు, "చివరి నీళ్లు వదిలెయ్యాలి కదమ్మా. ఆ తాత చెప్పాడుగా."

మిగిలిన అర లీటరు మర్నాడు సాయంత్రం పెట్టాం. ఈసారి వాడు స్టూలెక్కి కాపలా కాశాడు, గళ్లు పడగానే మిగతా నీళ్లు వంపేద్దామని. చిక్కబడ్డ నీళ్లు కుతకుతలాడుతూ గిన్నెలో ఎగిరెగిరి పడుతున్నాయి. బుడ్డది వచ్చి, ఎత్తుకోమని చేతులు చాపి, గిన్నెలోకి తొంగిచూసింది. సముద్రం అని పెద్దోడు చెప్పాడు దానికి. కాసేపు పరీక్షగా చూసింది.

"ఆపమను" అంది.

స్టవ్ కట్టేశాను.